తలకట్టు విరిగిన 'క'

కొడవలూరులోని మా ఇంటి అటక మీద ఒక ట్రంకుపెట్టె ఉంది. దాని అడుగున, పాత పంచాంగాల కింద, గురజాడ వారి కన్యాశుల్కం నాటకం ప్రతి ఒకటి దొరికింది. అట్ట లేదు, ముఖపత్రం లేదు. పీఠిక మధ్యలో ఎక్కడో ఒక వాక్యం సగం నుంచి పుస్తకం మొదలవుతుంది. పూర్వం ఎవరో పురికొసతో అడ్డంగా కుట్టి, వీపుకు గోధుమరంగు కాగితం మైదా జిగురుతో అంటించారు. పేజీ తిప్పబోతే మూల అప్పడంలా విరిగి వేళ్లకు అంటుకుంటోంది. అచ్చు వేసింది ఎవరు, ఏ ఊళ్లో, ఏ సంవత్సరంలో? చెప్పాల్సిన ఆ ఒక్క ఆకే పోయింది.

పోయిన ఆకు చెప్పాల్సిన సంగతిని మిగిలిన ఆకుల చేత చెప్పించవచ్చు. అందుకు ఒక శాస్త్రం ఉంది. నాటకం బాగుందా, పాత్రలు సజీవంగా ఉన్నాయా అన్నది దాని ప్రశ్న కాదు. కాగితం, సిరా, సీసపు అక్షరం, మడత, కుట్టు దానికి సాక్షులు. వేలిముద్రను చూసే నిపుణుడికి ఎంత ఓపిక కావాలో దీనికీ అంత ఓపిక కావాలి. ఈ గ్రంథ పరిశీలన శాస్త్రం చాలావరకు షేక్‌స్పియర్ నాటకాల తొలి ముద్రణల మీద పెరిగి పెద్దదైంది. తెలుగులో ఆ స్థాయి పరిశీలనకు అన్నివిధాలా తగిన నాటకం కన్యాశుల్కమే అని నా నమ్మకం. మన పునరుజ్జీవన కాలపు నాటకం అది. దాని తొలి ముద్రణను మరుగు నుంచి బయటికి తెచ్చినవాడు మా నెల్లూరు జిల్లావాడు. ఆ సంగతి మా పిల్లలకు తెలియాలన్న కోరిక ఈ వ్యాసానికి ఒక కారణం.

ముందు హామ్లెట్ కథ చూద్దాం. షేక్‌స్పియర్ స్వయంగా రాసిన హామ్లెట్ రాతప్రతి ఒక్క పుట కూడా లోకంలో మిగల్లేదు. మిగిలినవి మూడు అచ్చులు. మొదటిది 1603లో లండన్‌లో వచ్చింది, రమారమి 2,200 పంక్తులు. రెండోది ఏడాది తిరిగేసరికి వచ్చింది, దాదాపు 3,800 పంక్తులు. దాని ప్రతులు ఇప్పుడు ఏడే ఉన్నాయి. వాటిలో మూడింటి ముఖపత్రం మీద 1604 అనీ, నాలుగింటి మీద 1605 అనీ ఉంటుంది. అచ్చు నడుస్తుండగా ఏడాది మారింది, మిషను ఆపి ఒక అంకె మార్చారు, అంతే. మూడోది 1623 నాటిది. షేక్‌స్పియర్ 1616లో పోయాక ఆయన తోటి నటులు హెమింజ్, కాండెల్ ఇద్దరూ 36 నాటకాలు కూర్చి వేయించిన పెద్ద సంపుటంలో అది ఉంది. రెండో అచ్చులోని రెండు వందలకు పైగా పంక్తులు ఇందులో కనిపించవు, అందులో లేని డెబ్బై దాకా పంక్తులు ఇందులో కనిపిస్తాయి.

1603 నాటి చిన్న హామ్లెట్ ఒకటి ఉండేదని రెండు శతాబ్దాలపాటు పండితులకే తెలియదు. 1823లో సర్ హెన్రీ బన్‌బరీ అనే ఆయనకు తన ఇంట్లోనే, మరికొన్ని పాత నాటకాలతో కలిపి కుట్టిన ఒక సంపుటంలో అది కనిపించింది. అందులో చివరి ఆకు లేదు. రెండేళ్లకే, 1825లో, దాన్ని తిరిగి అచ్చు వేశారు. 1856లో డబ్లిన్‌లో రెండో ప్రతి బయటపడింది. ఒక విద్యార్థి దాన్ని పాత పుస్తకాల వ్యాపారికి ఒక షిల్లింగుకు అమ్మాడట. ఆ ప్రతిలో చివరి ఆకు భద్రంగా ఉంది కానీ ముఖపత్రం లేదు. ప్రపంచమంతటికీ ఈ అచ్చు ప్రతులు ఈ రెండే. ఒకదానికి తల ఉంది, ఒకదానికి తోక ఉంది. రెండూ పక్కపక్కన పెడితే తప్ప పుస్తకం పూర్తి కాలేదు. ఇప్పుడు ఒకటి అమెరికాలో హంటింగ్టన్ గ్రంథాలయంలో ఉంది, ఇంకొకటి లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

ఆ చిన్న హామ్లెట్‌లో పొలోనియస్ పేరు కొరాంబిస్. ఉండటమా లేకపోవడమా అని యువరాజు తనలో తాను తర్కించుకునే ప్రసిద్ధ ఘట్టం అందులో ముందుగానే వస్తుంది. ఎందుకిలా? ఒక చిన్న నటుడు జ్ఞాపకం మీద చెబితే రాసుకున్న ప్రతి అని కొందరు, ప్రదర్శనకు కుదించిన ప్రతి అని కొందరు, రచయిత తొలి చిత్తు అని మరికొందరు వాదించారు. వాదం ఇంకా నడుస్తోంది. తేల్చి చెప్పగలిగిన మనిషి 1616లోనే పోయాడు, తన నాటకాల ముద్రణ గురించి ఒక్క ముక్కా రాసి పెట్టలేదు.

మనకు ఆ చిక్కు లేదు. గురజాడ అప్పారావు గారు రెండు ముద్రణలూ తన చేతుల మీదుగా చేయించారు, రెండింటికీ పీఠికలు రాశారు. కన్యాశుల్కం 1892 ఆగస్టు 13న విజయనగరంలో మొదటిసారి ప్రదర్శితమైంది. 1897లో పుస్తకంగా వచ్చింది, ఆనంద గజపతి మహారాజుకు అంకితంగా. అప్పటికి అది ఐదు అంకాల నాటకం. అదే 1897లో వేదం వేంకటరాయశాస్త్రి గారి ప్రతాపరుద్రీయం కూడా వెలువడిందని గుర్తుంచుకోవాలి. పాత్రల నోట మాట్లాడే భాషను అచ్చులో ఎంతవరకు నిలపవచ్చు అన్న ప్రశ్న ఆ ఏడాది రెండు పుస్తకాలుగా తెలుగువాళ్ల ముందుకొచ్చింది. పన్నెండేళ్ల తర్వాత, 1909లో, కన్యాశుల్కం రెండో ముద్రణ వచ్చింది. ఇప్పుడది ఏడు అంకాలు. ఎంతో పెరిగింది, మధురవాణి పాత్ర విస్తరించి నాటకానికి ఆయువుపట్టు అయింది. రంగస్థలం మీద, పాఠ్యపుస్తకాల్లో, మన నోళ్లలో నిలిచింది ఈ రెండోదే.

పీఠిక కూడా ముద్రణలో భాగమే. తొలి పీఠికలో గురజాడ వారు కొన్ని లెక్కలు ఇచ్చారు. విశాఖపట్నం ప్రాంతంలో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్కపు పెళ్లిళ్ల జాబితాను మహారాజు తయారు చేయించగా 1,034 తేలాయి. వాటిలో ఐదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్ల వాళ్లు 44, మూడేళ్ల వాళ్లు 36, రెండేళ్ల వాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఈ అంకెలు నేను ఎన్నిసార్లు చదివినా చివరి దగ్గర ఆగిపోతాను. నాటకం చదివేవాళ్లు పీఠికను దాటేస్తారు. అట్ట చిరిగినప్పుడు ముందుగా పోయేవీ పీఠిక పేజీలే. మా ప్రతిలో ఈ లెక్కలున్న పేజీ మిగలడం అదృష్టం.

1909 ముద్రణ వచ్చాక 1897 నాటి పుస్తకాన్ని చూసినవాళ్లు తగ్గిపోయారు. రచయితే పెంచి, దిద్ది కొత్తది ఇచ్చాక పాతదానితో పనేమిటి అన్న భావన సహజం. ఆ భావనను పక్కకు నెట్టిన మనిషి బంగోరె. అసలు పేరు బండి గోపాలరెడ్డి. 1938లో మినగల్లులో పుట్టారు. పెన్న ఒడ్డున, బుచ్చిరెడ్డిపాలెం దగ్గరి ఊరు అది. మాకేమీ దూరం కాదు. నెల్లూరు జమీన్ రైతు పత్రికలో పనిచేశారు. 1969లో ఆయన 1897 నాటి పాఠాన్ని విడిగా పునర్ముద్రించి 'మొట్టమొదటి కన్యాశుల్కం' అని పేరు పెట్టారు. చిత్తు అనలేదు, అసంపూర్ణం అనలేదు. మొట్టమొదటిది అన్నారు. ఆ ఒక్క విశేషణంలో ఒక శాస్త్ర సిద్ధాంతం ఉంది. రచయిత చివరి మాట ఒక్కటే గ్రంథం కాదు, అతడు జనం ముందు పెట్టిన ప్రతి రూపమూ దాని కాలానికి సాక్ష్యం అన్నది ఆ సిద్ధాంతం.

ఇంగ్లండులో పండితులు చాలాకాలం దీనికి ఎదురుదారిలో నడిచారు. రెండు మూడు ముద్రణల్లోంచి మంచి పాఠాలు ఏరి ఒక్క ఆదర్శ పాఠం తయారు చేయడం వాళ్ల పద్ధతి. 1986లో ఆక్స్‌ఫర్డ్ సంపాదకులు లియర్ రాజు నాటకానికి 1608 పాఠాన్నీ 1623 పాఠాన్నీ రెండు వేరు నాటకాలుగా ఒకే సంపుటంలో వేసినప్పుడు అది పెద్ద సాహసంగా కనిపించింది. హామ్లెట్ మూడు పాఠాలనూ ఆర్డెన్ గ్రంథమాల వారు విడివిడిగా పరిష్కరించి ప్రచురించింది 2006లో. ఒక జిల్లా పత్రికలో పనిచేసే యువకుడు, వెనక ఏ పెద్ద సంస్థా లేకుండా, 1969లోనే మన నాటకం విషయంలో ఆ మార్గం పట్టాడు. దీన్ని చెప్పుకోవడానికి నేను సంకోచించను.

నెల్లూరు నేలకు ఈ నాటకంతో ఉన్న లంకె ఇంతటితో ఆగదు. గురజాడను జాతీయ పునరుజ్జీవనంలో నిలిపి చూపిన 'మహోదయం' రాసిన కె.వి. రమణారెడ్డి గారు కావలి జవహర్ భారతిలో అధ్యాపకులుగా ఉండేవారు. 2012లో మనసు ఫౌండేషన్ కోసం గురజాడ రచనలన్నిటినీ 'గురుజాడలు'గా కూర్చిన సంపాదకుల్లో పెన్నేపల్లి గోపాలకృష్ణ గారు, కాళిదాసు పురుషోత్తం గారు నెల్లూరువాళ్లే. బంగోరె ఆ తర్వాతి కాలంలో సి.పి. బ్రౌను మీద చేసిన కృషి కూడా ఈ దారిలోదే. బ్రౌను తాటాకు ప్రతులు అనేకం తెప్పించి, పండితుల చేత ఒకదానితో ఒకటి పోలిక చేయించి పాఠభేదాలు రాయించేవాడు. ఆయన 1829లో వేసిన వేమన పద్యాల పుస్తకంలో 693 పద్యాలుంటే 1839 నాటి ముద్రణలో 1,164 ఉన్నాయి. ఐదు అంకాలు ఏడు అంకాలుగా మారడాన్ని ఊరికే వదలనివాడు బ్రౌను పోలికల వైపు వెళ్లడం సహజమే.

ఇక పుస్తకాన్ని వస్తువుగా ఎలా చదువుతారో చూద్దాం. పిల్లల నోటుపుస్తకంలోంచి ఒక తెల్లకాగితం తీసుకోండి. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి మడవండి. మడత విప్పకుండా, పుస్తకంలా పట్టుకుని 1 నుంచి 8 వరకు పేజీల అంకెలు వేయండి. ఇప్పుడు విప్పి చూడండి. ఒక వైపు 1, 8, 4, 5 వస్తాయి. రెండో వైపు 2, 7, 3, 6. వాటిలో కొన్ని తలకిందులుగా ఉంటాయి. అచ్చువేసేవాడు ఒక వైపు నాలుగు పేజీలను ఒకేసారి ఇనుప చట్రంలో బిగిస్తాడు. ఇలా రెండు వైపులా అచ్చయిన కాగితాన్ని మన ప్రెస్సుల్లో ఫారం అంటారు. 1603 హామ్లెట్ ఇలాంటి నాలుగు ఆకుల మడత. కన్యాశుల్కం లాంటి మన పుస్తకాల్లో ఇంకో మడత పడి కాగితానికి పదహారు పేజీలు వస్తాయి, పదిహేడో పేజీ అడుగున, ముప్పై మూడో పేజీ అడుగున చిన్న అంకె కనిపిస్తుంది. అది పేజీ సంఖ్య కాదు, బైండరు కోసం వేసిన ఫారం సంఖ్య.

ఈ మడత ఒక విచిత్రమైన అవసరం తెస్తుంది. సీసపు అక్షరాలు ఖరీదైనవి, ప్రెస్సులో తక్కువగా ఉంటాయి. మొదటి పేజీ నుంచి వరసగా కూర్చుకుంటూ పోతే ఎనిమిదో పేజీ వచ్చేదాకా మొదటి పేజీని అచ్చుకు ఎక్కించలేం, ఈలోగా అక్షరాలన్నీ ఇరుక్కుపోతాయి. అందుకని రాతప్రతిని ముందే లెక్కగట్టి, ఏ పేజీలో ఎంత పడుతుందో గుర్తుపెట్టి, ఒక వైపుకు కావలసిన పేజీలే ముందు కూర్చేవారు. 1623 సంపుటంలో మూడు పెద్ద కాగితాలను ఒకదానిలో ఒకటి పెట్టి మడిచారు. అది పన్నెండు పేజీల కట్ట. దాన్ని కూర్చడం మొదలుపెట్టింది ఒకటో పేజీతో కాదు, మధ్యలోని ఆరు, ఏడు పేజీలతో. లెక్క తప్పితే? చోటు చాలకపోతే పద్యాన్ని వచనంలా కలిపి ఇరికించేవారు, చోటు మిగిలితే వచనాన్ని పద్యంలా విడగొట్టి సాగదీసేవారు. కవి ఛందస్సు తప్పాడని పండితులు తర్జనభర్జన పడిన కొన్ని చోట్ల అసలు కారణం ప్రెస్సులో జరిగిన ఈ కొలత పొరపాటు.

దీన్ని నిరూపించినవాడు చార్ల్‌టన్ హిన్మన్ అనే అమెరికా పండితుడు. వాషింగ్టన్‌లోని ఫోల్జర్ గ్రంథాలయంలో 1623 సంపుటం ప్రతులు 82 ఉన్నాయి. లోకంలో మిగిలినవే సుమారు 235. హిన్మన్ ఒక యంత్రం తయారు చేశాడు. రెండు ప్రతుల్లో ఒకే పేజీని పక్కపక్కన పెట్టి, అద్దాల ద్వారా రెండింటినీ ఒకే చోట చూపిస్తూ, దీపాలను ఒకదాని తర్వాత ఒకటి వెలిగించి ఆర్పుతాడు. రెండు పేజీలూ ఒకటే అయితే చూపు నిలకడగా ఉంటుంది. ఒక కామా తేడా ఉన్నా ఆ చోటు మాత్రం మిణుకుమంటుంది. 1930లో ప్లూటోను కనిపెట్టిన ఖగోళ శాస్త్రజ్ఞుడు రెండు రాత్రుల ఫొటోలను ఇదే పద్ధతిలో మార్చి మార్చి చూశాడు, కదిలిన చుక్క మిణుకుమంది. హిన్మన్ ఇలా యాభైకి పైగా ప్రతులు పోల్చి 1963లో తన పరిశోధన ప్రచురించాడు. ఆ రోజుల్లో అచ్చు నడుస్తుండగానే తప్పులు దిద్దేవారు, అప్పటికే పడిన తప్పు కాగితాలను పారేసేవారు కాదు. అందువల్ల ఒకే ముద్రణలోని రెండు ప్రతులు కూడా అచ్చంగా ఒకటి కావు.

హిన్మన్ కన్ను ఇంకా కిందికి, ఒక్కొక్క అక్షరం దాకా దిగింది. సీసపు అక్షరం అచ్చు పడ్డాక మళ్లీ తన గడిలోకి వెళుతుంది, ఇంకో పేజీలో ఇంకో మాటలోకి వస్తుంది. దెబ్బతిన్న అక్షరం తన గాయాన్ని వెంట మోసుకుపోతుంది. అలాంటి గాయపడ్డ అక్షరాలను సుమారు 600 గుర్తించి, ఏది ఏ పేజీలో ఎప్పుడు కనిపించిందో చూసి, ఆ సంపుటాన్ని ఏ క్రమంలో కూర్చారో తేల్చాడు. కూర్చిన మనుషుల అలవాట్లూ బయటపడ్డాయి. 1920లోనే థామస్ శాచెల్ అనే ఆయన ఒక చిన్న గమనిక చేశాడు. కొన్ని పేజీల్లో 'డూ', 'గో' లాంటి చిన్న మాటల చివర ఒక అక్షరం అదనంగా ఉంటుంది, కొన్ని పేజీల్లో ఉండదు. అంటే ఇద్దరు కంపోజిటర్లు. హిన్మన్ వచ్చేసరికి ఐదుగురు తేలారు. ఐదోవాడు పని నేర్చుకుంటున్న కుర్రవాడు, తప్పులన్నీ అతని పేజీల్లోనే ఎక్కువ. నాలుగు వందల ఏళ్ల తర్వాత ఆ కుర్రవాడి తడబాటు మనకు కనిపిస్తోంది.

తెలుగు అచ్చుకు ఈ పరీక్ష ఇంకా ఎక్కువ అవసరం. ఇంగ్లీషుకు ఇరవై ఆరు అక్షరాలు, పెద్దవీ చిన్నవీ. మనకు గుణింతాలు, వత్తులు కలిపి కేసులో, అంటే అక్షరాల పెట్టెలో, కొన్ని వందల గడులు. నేను చిన్నప్పుడు నెల్లూరులో ఒక చిన్న ప్రెస్సు గుమ్మం దగ్గర నిలబడి చూసేవాణ్ణి. కంపోజిటరు ఎడమ చేతిలో అక్షరాలు పేర్చే స్టిక్ పట్టుకుని, చూపు రాతప్రతి మీదే ఉంచి, కుడి చేత్తో గడి తర్వాత గడి తడుముతూ అక్షరం తీసేవాడు. అక్షరం ఒంటి మీద ఒక గాడి ఉంటుంది, బొటనవేలికి అది తగిలితే నిలువు సరిగ్గా ఉన్నట్టు. అద్దంలో చూసినట్టు తిరగబడిన అక్షరాలను నాకంటే వేగంగా చదివేవాడు. అంత ఆరితేరిన చేతికి కూడా రెండు పంక్తులు ఒకే మాటతో ముగిస్తే కన్ను జారి మధ్య పంక్తి పోతుంది. తన గడిలో పడాల్సిన 'ధ' 'థ' గడిలో పడితే మర్నాడు అచ్చుతప్పు అవుతుంది.

కన్యాశుల్కానికి ఇంకో ప్రమాదం తోడైంది. అది విజయనగరం మనుషుల నోటి మాట. గ్రాంథికం కూర్చి కూర్చి అలవాటైన చేయి, వేరే ప్రాంతపు చెవి, అక్కడి ఒక పలుకుబడిని తప్పనుకుని 'సరిదిద్దే' వీలు ప్రతి పునర్ముద్రణలోనూ ఉంటుంది. అచ్చుతప్పు చదవగానే దొరికిపోతుంది. తెలివిగా చేసిన ఈ సవరణ దొరకదు, తర్వాతి ముద్రణలో అదే గురజాడ మాటగా స్థిరపడుతుంది. ఒకే తప్పును పంచుకున్న రెండు ప్రతులు ఒకే తల్లి బిడ్డలు అన్నది పాఠ పరిష్కర్తల పాత సూత్రం. జీవశాస్త్రజ్ఞులు జన్యుమార్పులను బట్టి జీవుల వంశవృక్షం గీసే పద్ధతి కూడా ఇదే. 1998లో కొందరు శాస్త్రజ్ఞులు, సాహిత్య పండితులు కలిసి ఆ గణిత పద్ధతినే ఇంగ్లీషు కవి ఛాసర్ కావ్యపు రాతప్రతుల మీద ప్రయోగించి 'నేచర్' పత్రికలో ప్రచురించారు. కన్యాశుల్కం అచ్చుల వంశవృక్షం కూడా గీయాలి.

కాగితం చెప్పే సాక్ష్యం మరోటి. ముఖపత్రం మీద ఏడాది ఉంటే చాలు, నమ్మవచ్చు అనుకుంటాం. 1619లో లండన్‌లో షేక్‌స్పియర్ పేరున పది నాటకాలు అచ్చువేసి, వాటిలో కొన్నిటి మీద 1600 అనీ 1608 అనీ పాత ఏళ్లు వేశారు. వెనిస్ వర్తకుడి నాటకం వాటిలో ఒకటి. మూడు వందల ఏళ్లు అందరూ నమ్మారు. 1908లో డబ్ల్యు.డబ్ల్యు. గ్రెగ్ అనే పండితుడు ఆ పుస్తకాల ఆకులను వెలుగుకు ఎత్తి చూశాడు. చేతితో చేసే కాగితంలో తీగ అల్లిక గుర్తు నీడలా ఉండిపోతుంది, అదే నీటిగుర్తు. వేర్వేరు ఏళ్లు వేసిన పుస్తకాల్లో ఒకే రకం గుర్తులు కలగలిసి ఉన్నాయి. ఎనిమిది, పంతొమ్మిదేళ్ల తేడాతో అచ్చయిన పుస్తకాల్లో అది జరగదు. అబద్ధపు ఏడాదిని కాగితమే పట్టించింది.

ఇప్పుడు మా ప్రతి దగ్గరికి వస్తాను. ఇందులో ఏడు అంకాలున్నాయి, కాబట్టి 1897 నాటిది కాదు, 1909కి ముందుది కాదు. నీటిగుర్తు లేదు, యంత్రంతో చేసిన కాగితం. చివర మిగిలిన ఒక ఆకు మీద అదే ప్రచురణకర్తల ఇతర పుస్తకాల జాబితా సగం ఉంది. ధరలు రూపాయి, అణా, పైసల మూడు అంకెలుగా, మధ్యలో అడ్డగీతలతో ఉన్నాయి. మన దేశంలో దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. ఆ తర్వాత 1964 దాకా పుస్తకాల మీద నయాపైసలు కనిపిస్తాయి. అడ్రసులో ఆరు అంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 తర్వాతిది. మా ప్రతిలో ఆ రెండూ లేవు. అంటే 1909కి, 1957కి నడుమ ఎప్పుడో. ఏ ఇంట్లో ముఖపత్రం పోయిన పుస్తకానికైనా ఈ పరీక్షలు చేసుకోవచ్చు.

మూలలు విరగడానికీ కారణం ఉంది. 1623 సంపుటం కాగితం పాత నార గుడ్డలతో చేసింది, ఇవాళ్టికీ వంగుతుంది. పంతొమ్మిదో శతాబ్దంలో కొయ్యగుజ్జు వచ్చింది, సిరా పాకకుండా గుజ్జులోనే పటిక, చెట్టు జిగురు కలపడం వచ్చింది. పటిక తేమతో కలిసి ఆమ్లం పుట్టిస్తుంది. కాగితానికి బలం ఇచ్చేది సెల్యులోజు అనే పొడవాటి గొలుసు, ఆమ్లం నీటి సాయంతో ఆ గొలుసును ఒక్కొక్క లంకె దగ్గర తుంచుతుంది. కొయ్యలోని లిగ్నిన్ వెలుగు తగిలి పసుపెక్కుతుంది. వేడీ తేమా పెరిగేకొద్దీ ఈ పని వేగమవుతుంది. కొడవలూరు చుట్టూ వరిమళ్లు, తూర్పున కాస్త దూరంలో విడవలూరు దాటితే సముద్రం. కార్తీక మాసపు ముసురు పట్టిందంటే గోడలకే చెమ్మ. ఏ రసాయన శాస్త్రజ్ఞుడూ కాగితం కోసం ఈ చోటు ఎంచుకోడు. నాలుగు వందల ఏళ్ల హామ్లెట్ కంటే నూరేళ్ల కన్యాశుల్కమే ముందు పొడి అయిపోయే ప్రమాదం ఉంది. అందుకే పాత ప్రతులను ఇప్పుడే చూడాలి, ఇప్పుడే పోల్చాలి, ఫొటో తీసి పెట్టాలి.

మా ప్రతిని నేను భూతద్దంతో మూడు నెలలు చదివాను. నలభై ఒకటో పేజీలో ఒక 'క' ఉంది. దాని తలకట్టు కుడి కొస విరిగి, చిన్న చుక్కలాగా మిగిలింది. మొదట సిరా సరిగా అంటలేదనుకున్నాను. డెబ్బై నాలుగో పేజీలో అదే విరుపు, అదే వంపుతో మళ్లీ కనిపించింది. నూట పంతొమ్మిదో పేజీలో మూడోసారి. మూడూ వేర్వేరు ఫారాలు. ఒక్క సీసపు ముక్క, ఒకసారి గిరీశం మాటలో, ఇంకోసారి వెంకటేశం మాటలో, మరోసారి మధురవాణి మాటలో నిలబడింది. దాన్ని పట్టుకున్న వేళ్లు ఎవరివో ఆ కేసుకే తెలుసు.

ఈ 'క' ఇంకో ప్రతిలోనూ, అదే పేజీల్లో, అదే విరుపుతో ఉంటే రెండూ ఒకే ముద్రణవి. విడవలూరు వైపు ఒకరింట్లో అట్టా ముఖపత్రమూ ఉన్న పాత కన్యాశుల్కం ఉందని, చివరి పేజీలే చెదలు తిన్నాయని ఈ మధ్య తెలిసింది. ఆదివారం తీసుకుని రమ్మన్నారు. మా ప్రతిని పాత ధోవతి గుడ్డలో చుట్టి సిద్ధంగా పెట్టాను. ముందు తెరిచేది నలభై ఒకటో పేజీ.